దొంగ చొక్కా, గురుడి మచ్చ

మూడేళ్ల కిందట ఆమదాలవలస వైపు ఒక కిరాణా హోల్‌సేల్ షాపులో దొంగతనం అయింది. పెద్దదేం కాదు, గల్లాపెట్టెలో చిల్లర, రెండు నూనె డబ్బాలు, కొన్ని సిగరెట్ పెట్టెలు. కెమెరాలు బిగించింది నేనే కాబట్టి తెల్లారకముందే ఫోను. వెళ్లి డీవీఆర్ వెనక్కి తిప్పి చూపించాను. రాత్రి రెండున్నరకి తెల్ల చొక్కా మనిషి ఒకడు షట్టరు కింద నుంచి దూరాడు, ముఖానికి తువ్వాలు. అంతే, రెండు రోజులు ఆ వీధి మొత్తం తెల్ల చొక్కా వాడి కోసం వెతికింది. మూడో రోజు మనిషి దొరికాడు. ఆ రాత్రి వేసుకున్న చొక్కా కూడా దొరికింది, నూనె మరకలతో సహా. నల్లది. కాటుక నలుపు.

షాపాయన నన్ను పిలిచి నలుగురిలో కడిగేశాడు. "ఏటి బాబూ, నల్ల చొక్కాని తెల్లగా చూపించే కెమెరా నాకెందుకు?" నేను బండి డిక్కీలో ఉన్న నల్ల గొడుగు తెచ్చి, షట్టరు దించమని, లైట్లు ఆపమని, కెమెరా ముందు విప్పి పట్టుకున్నాను. స్క్రీన్ మీద గొడుగు పాలలా తెల్లగా ఉంది. రాత్రిపూట ఈ కెమెరా చూసేది మన కంటికి కనిపించే వెలుతురుని కాదండీ, ఇన్‌ఫ్రారెడ్‌ని, గుడ్డకి వేసిన నల్లరంగు చాలాసార్లు ఆ వెలుతురుని పీల్చుకోదు, తిప్పి కొడుతుంది అని చెప్పాను. ఆయన గొడుగుని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా, నాకు రావాల్సిన దాంట్లో ఐదొందలు కోసుకుని ఇచ్చాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న జనవరిలో నేను తీసిన గురుగ్రహం ఫోటో చూసినవాళ్లు కూడా దాదాపు ఆ షాపాయన మాటే అన్నారు. ఇన్‌ఫ్రారెడ్‌లో తీసిన నలుపు తెలుపు ఫోటో అది. పట్టీలు తేటగా విడివిడిగా ఉన్నాయి, మధ్య పట్టీ అంచున వేలాడే తోకల్లాంటివి లెక్కపెట్టుకోవచ్చు, నా ఎనిమిదంగుళాల టెలిస్కోపులో అంత శుభ్రంగా అంతకుముందెప్పుడూ రాలేదు. మా వీధి చివరి మాస్టారు ఫోను చెయ్యంత దూరంలో పట్టుకుని చూసి "రంగు ఎలిసిపోయిందేటి బాబూ?" అన్నారు. వాట్సాప్ గ్రూపులో ఒకాయన, కలర్ కెమెరా కొనుక్కుని ఈ పాతకాలం బొమ్మలేంటి అన్నాడు. ఇంకొకాయన, ఈయన చెయ్యి తిరిగినవాడే, "ఐఆర్‌ని లూమినెన్స్‌గా పెట్టి పైన రంగు పూసెయ్ బ్రో, ఎవరికీ తెలీదు" అని సలహా ఇచ్చాడు, అంటే వెలుగునీడలు ఇన్‌ఫ్రారెడ్ (ఐఆర్) బొమ్మవి, రంగు వేరే బొమ్మది కలిపెయ్యమని. ఆ "ఎవరికీ తెలీదు" దగ్గరే నాకు కాలింది.

నా మాట ముందే చెప్పేస్తాను. మన తీరం జిల్లాల్లో డాబా మీద నిలబడి గ్రహాలు తీసేవాడు అన్నిటికంటే ముందు కొనాల్సిన ఫిల్టరు ఇన్‌ఫ్రారెడ్ పాస్ ఫిల్టరే. దాంతో తీసిన బొమ్మని మాత్రం దాని పేరుతోనే, దానికున్న ముఖంతోనే చూపించాలి. రంగు ఫోటో లోపల అస్తరు గుడ్డలా కుట్టేసి దాచకూడదు.

నేను శ్రీకాకుళంలో సీసీ కెమెరాల పని చేస్తాను. రైసు మిల్లులు, కళ్యాణ మండపాలు, పలాస వైపు జీడిపప్పు ఫ్యాక్టరీలు, ఎక్కడ పిలిస్తే అక్కడికి. ఇన్‌ఫ్రారెడ్ నాకు ఆకాశం నుంచి దిగి రాలేదు, నిచ్చెన మీదే పరిచయం. సాయంత్రం చీకటి పడే వేళ కెమెరాకి దగ్గరగా చెవి పెడితే "టిక్" అని చిన్న చప్పుడు వినిపిస్తుంది. అప్పటిదాకా సెన్సర్ ముందు ఉన్న చిన్న గాజుముక్క, అదే ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఐఆర్ కట్ ఫిల్టరు, పక్కకి జరిగిన చప్పుడు అది. ఆ గాజు ఉన్నంతసేపూ బొమ్మకి సరైన రంగులుంటాయి, అది తప్పుకోగానే రంగు పోయి చూపు పెరుగుతుంది. గ్రహాల కోసం నేను కొన్న కెమెరాలో ఉన్న సోనీ ఐఎంఎక్స్ 462 సెన్సర్ కూడా ఈ నిఘా కెమెరాల కోసం పుట్టిన స్టార్విస్ కుటుంబంలోదే. తరంగం పొడుగు 800 నానోమీటర్లు దాటాక కూడా దాని చురుకుదనం బాగానే ఉంటుంది. ఆ సెన్సర్‌కి ఉన్న అసలు బలాన్ని మూసేసి, రంగు బొమ్మ మాత్రమే తీస్తానని కూర్చోవడం ఎలా ఉంటుందంటే, రాత్రి కాపలాకి పెట్టుకున్న మనిషిని పగలు మాత్రమే రమ్మన్నట్టు.

టెలిస్కోపు మామూలు డాబ్సోనియన్, అంటే నేల మీద పెట్టి చేత్తో తిప్పుకునే అద్దం టెలిస్కోపు, 200 మిల్లీమీటర్ల అద్దం, ఎఫ్/6. రెండున్నర రెట్ల బార్లో, అంటే బొమ్మని పెద్దది చేసే లెన్సు, పెడితే ఎఫ్/15 దగ్గరికి వస్తుంది. మోటారు లేదు. గురుణ్ణి సెన్సర్‌కి ఒక అంచున పెట్టి వదిలేస్తే పాతిక సెకన్లలో రెండో అంచు దాటిపోతాడు, మళ్లీ తొయ్యాలి, మళ్లీ వదలాలి. నాలుగు నిమిషాల వీడియోలో సగం నా తోపుళ్లే ఉంటాయి. తర్వాత వాటిని పిప్ అనే సాఫ్ట్‌వేర్లో కత్తిరించి ఆటోస్టాకర్ట్ అనే ఇంకోదానికి ఇస్తే అది మంచి ఫ్రేములు ఏరి పేరుస్తుంది.

ఇక మన గాలి సంగతి. మాది ఊళ్లో రెండంతస్తుల డాబా. ఒక పక్క నాగావళి, ఇంకో పక్క పది పన్నెండు కిలోమీటర్లు పోతే సముద్రం. పగలంతా కాలిన స్లాబు రాత్రి పదకొండు దాకా వేడి కక్కుతూనే ఉంటుంది, చెప్పులు లేకుండా నిలబడితే తెలుస్తుంది. పక్కింటి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ సరిగ్గా నేను చూసే దిక్కునే ఊదుతుంది. ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద గురుడు అప్పుడు అట్లపెనం మీద నీళ్లచుక్కలా ఉంటాడు. అంచు ఒక్క క్షణం కుదురుగా ఉండదు, లోపల పట్టీలు పాలపొంగులా పైకీ కిందకీ. దీన్నే ఈ పనిలో ఉన్నవాళ్లు సీయింగ్ అంటారు. నక్షత్రాలు మిలమిల మెరిసే రాత్రి బ్రహ్మాండంగా ఉందని ఇంట్లోవాళ్లు అంటే నాకు నీరసం వస్తుంది, ఎందుకంటే ఆ మెరుపే గ్రహాల ఫోటోకి శత్రువు.

ఇలాంటి రాత్రి 685 నానోమీటర్ల పాస్ ఫిల్టరు, అంటే అంతకంటే పొడుగు తరంగాల్ని మాత్రమే లోపలికి వదిలేది, కెమెరా ముక్కుకి బిగించి చూడండి. గురుడు మసక అవుతాడు, గెయిన్ పెంచాల్సి వస్తుంది, బొమ్మలో ఇసక పోసినట్టు నాయిస్. కానీ ఆ ఇసక వెనక గ్రహం నిలబడుతుంది. ఆ మార్పు మొదటిసారి చూసినప్పుడు నేను ఫిల్టరు తీసి, పెట్టి, మళ్లీ తీసి చూసుకున్నాను, గాలే ఒక్కసారిగా నెమ్మదించిందేమో అని అనుమానమేసి. గాలి నెమ్మదించలేదు. ఫిల్టరు గాలిని ఏమీ చెయ్యలేదు, ఆ పేరుతో ఎవరైనా అమ్మితే నమ్మకండి. జరిగేది వేరే.

మన తల మీద గాలి ఒకే తీరుగా ఉండదు, వేడివీ చల్లవీ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. వెలుతురు చెడిపోకుండా వచ్చే ముక్క వెడల్పు ఎంత అనేదానికి ఫ్రీడ్ పరామితి అని ఒక కొలత ఉంది. తరంగం పొడుగయ్యే కొద్దీ ఈ వెడల్పు పెరుగుతుంది, ఆరింట అయిదో ఘాతం చొప్పున కాదు, అయిదింట ఆరో ఘాతం చొప్పున, అంటే తరంగం పెరిగిన దానికంటే కొంచెం ఎక్కువే. పచ్చ వెలుతురు 550 నానోమీటర్లు, నా ఫిల్టరు, సెన్సరు కలిసి చూసేది సగటున 780 అనుకుంటే వెడల్పు ఒకటిన్నర రెట్లవుతుంది. ఒకటిన్నర రెట్లేనా అని పెదవి విరిచేవాళ్లు డేవిడ్ ఫ్రీడ్ 1978లో ఇచ్చిన లెక్క చూడాలి. గాలి ఊగుతున్నప్పుడు అదృష్టవశాత్తూ ఒక ఫ్రేము చక్కగా వచ్చే అవకాశమెంత అన్నది ఆయన లెక్క. నా అద్దం 200 మిల్లీమీటర్లు. ఆ రాత్రి గాలి ముక్క వెడల్పు పచ్చలో 28.5 మిల్లీమీటర్లు ఉందనుకోండి, మా డాబాకి ఇది మామూలే. పదివేల ఫ్రేములు తీస్తే పచ్చలో బాగా వచ్చేవి ముప్ఫై లోపు. అదే గాలిలో, అదే క్షణాన, 780 దగ్గర తీస్తే రెండు వేలకి దగ్గర. ముప్ఫై ఫ్రేములు పేరిస్తే నాయిస్ తప్ప ఏమీ మిగలదు, రెండు వేలు పేరిస్తే బొమ్మ. ఇదంతా ఒక సూత్రం చెప్పే అంచనా, మీ డాబా మీద అంకెలు మారతాయి, తేడా మాత్రం ఆ స్థాయిలోనే ఉంటుంది, ఎందుకంటే అక్కడ వెడల్పు ఘాతసంఖ్యలో కూర్చుని ఉంది.

దీనికి మనం కట్టే సుంకం కూడా చెప్పాలి, అది చెప్పకుండా ఐఆర్‌ని పొగిడేవాళ్లంటే నాకు పడదు. తరంగం పొడుగైతే అద్దం విడమర్చగలిగే శక్తి తగ్గుతుంది. నా ఎనిమిదంగుళాల అద్దం పచ్చలో 0.69 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకనంటే డిగ్రీలో 3600వ వంతు) దాకా విడదీస్తుంది, 780 దగ్గర 0.98. అంటే ఫిల్టరు బిగించిన మరుక్షణం నా టెలిస్కోపు అయిదున్నర అంగుళాలది అయిపోయినట్టే. గాలి నిజంగా కుదురుగా ఉన్న రాత్రి ఇది శుద్ధ నష్టం. అలాంటి రాత్రులు మాకూ వస్తాయి, వాన వెలిసి మబ్బు విడిచాక ఒక్కోసారి, తెల్లవారుజామున స్లాబు పూర్తిగా చల్లారాక ఒక్కోసారి, అప్పుడు ఐఆర్ పాస్ తీసి జేబులో పెట్టుకుని, ఐఆర్ కట్ బిగించి, రంగులో తీయాల్సిందే. నా లాంటి డాబాకి అవి ఏడాదిలో వేళ్ల మీద లెక్కపెట్టే రాత్రులు. ఆ వేళ్ల మీది రాత్రుల కోసమే కాచుకుని మిగతా రాత్రులన్నీ టెలిస్కోపు గోనెసంచి కింద పెట్టేవాళ్లు నాకు చాలామంది తెలుసు. రెండేళ్లకి దాన్ని అమ్మకానికి పెడతారు.

ఈ సుంకంలో ఒక చిన్న రాయితీ కూడా ఉంది. గురుడు 9 గంటల 55 నిమిషాల్లో తన చుట్టూ తాను తిరిగేస్తాడు. 46 ఆర్క్ సెకన్ల బింబం నడిమధ్యలో ఉన్న మచ్చ నిమిషానికి పావు ఆర్క్ సెకను జరుగుతుంది. రంగులో రెండున్నర మూడు నిమిషాలు దాటితే నా బొమ్మ అలుక్కుపోతుంది. ఐఆర్‌లో ఎలాగూ ఒక ఆర్క్ సెకను కంటే సన్నగా చూడలేను కాబట్టి నాలుగు నిమిషాలు సాగదీయొచ్చు, చేత్తో తోసుకునే నాలాంటివాడికి ఆ అదనపు నిమిషం బంగారం.

గూగుల్ చేస్తే దొరికే సలహాల మీద ఒక మాట. ఐఆర్ ఫిల్టర్ల గురించి ఇంగ్లీషులో రాసిందాంట్లో చాలా భాగం ఇంగ్లండు, యూరప్ వాళ్లు రాసింది. లండన్ 51 డిగ్రీల పైన ఉంది. 2019, 2020లో గురుడు దక్షిణంగా దిగిపోయి ఉన్నప్పుడు వాళ్లకి దిగంతం మీద పదహారు, పదిహేడు డిగ్రీల ఎత్తులో కనిపించాడు, అంత కింద గాలి పట్టకంలా పనిచేసి ఎరుపుని ఒక పక్కకి, నీలాన్ని ఇంకో పక్కకి విడదీస్తుంది. వాళ్లు ఐఆర్ పట్టుకున్నది సగం ఆ బాధకి. శ్రీకాకుళం 18.3 డిగ్రీల మీద ఉంది. మొన్న జనవరి 10న గురుడు ప్రతియుతిలో, అంటే ఆకాశంలో సూర్యుడికి సరిగ్గా ఎదుటి వైపు, ఉన్నప్పుడు అర్ధరాత్రి మా డాబా మీద నిలబడితే దాదాపు నడినెత్తిన ఉన్నాడు, నాలుగైదు డిగ్రీలు మాత్రం ఉత్తరానికి. డాబ్సోనియన్ వాళ్లకి నడినెత్తి కూడా ఒక నరకమే అనుకోండి, గొట్టం నిలువుగా పెట్టి పక్కకి తిప్పడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుసు. కానీ పట్టకం బాధ మనకి లేదు. కాబట్టి "ఏడీసీ (అలా విడిపోయిన రంగుల్ని మళ్లీ కలిపే పరికరం) కొన్నావా, కొంటే ఐఆర్ అక్కర్లేదు" అనే సలహా మనకి వర్తించదు. మన రోగం వేరు, మనది అచ్చంగా ఊగే గాలి. ఒకటే మందు రెండు రోగాలకి పనిచేస్తోంది, అంతే.

సముద్రం పక్కన గ్రహాలేంటి అని కొట్టిపారేసేవాళ్లకి రెండు పేర్లు చెప్తాను. విశాఖలో గోడే వెంకట జగ్గారావు పేరున నడిచిన సొంత వేధశాల నుంచి అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9 నాటి శుక్ర సంక్రమణాన్ని, అంటే శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని, చూసి నమోదు చేశారు, అప్పటికి మన ఈ ప్రాంతాల గాలి ఇదే, సముద్రం ఇదే. రెండో ఆయన గురించి కింద చెప్తాను, ఎందుకంటే ఆయన నా వాదనకి అడ్డం వస్తాడు.

ఏ ఫిల్టరు అంటారా. 685 తో మొదలుపెట్టండి, ఎనిమిదంగుళాల లోపు వాళ్లయితే అక్కడే ఆగిపోండి. 742 కొంచెం కటువు. 850 నా దగ్గర ఉంది, చంద్రుడికీ శుక్రుడికీ బాగుంటుంది, గురుడికి పెడితే ఒక్కో ఫ్రేముకి ఎక్స్‌పోజరు సాగి సాగి, ఏ ఊగుడు తప్పించుకోవాలనుకున్నామో అదే ఫ్రేములోకి దూరిపోతుంది. ఒక వింత ఏంటంటే, 850 దాటాక కలర్ సెన్సర్ మీద ఉన్న ఎరుపు, పచ్చ, నీలం గళ్లు మూడూ దాదాపు ఒకేలా పారదర్శకమైపోతాయి, కలర్ కెమెరా మోనో (నలుపు తెలుపు) కెమెరాలా పనిచేస్తుంది. 685 దగ్గర అలా కాదు, ఎర్ర గళ్లు ఎక్కువ తాగుతాయి. ఇంకోటి, న్యూటోనియన్‌కి, అంటే నాలాంటి అద్దం టెలిస్కోపుకి, రంగుదోషం లేకపోయినా ఫిల్టరు మార్చాక ఫోకస్ మళ్లీ చూసుకోవాలి, మధ్యలో బార్లో ఉంది కదా.

కొనేటప్పుడు పాస్, కట్ తేడా పది సార్లు చూసుకోండి. నాకు మొదట ఆన్‌లైన్లో వచ్చిన పార్సిల్లో డబ్బా మీద పాస్ అని ఉంది, లోపల కట్ ఉంది. రెండు రాత్రులు పెట్టి తీసి, ఈ ఐఆర్ అంటే ఇంతేనా అని తిట్టుకున్నాను. మూడో రోజు టీవీ రిమోట్ తీసుకుని కెమెరా ముందు నొక్కాను. రిమోట్ ముందున్న బుడిపె ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, పాస్ ఫిల్టర్లోంచి అది టార్చిలా వెలగాలి. వెలగలేదు. అసలు చేతిలో పట్టుకుని చూసినా తెలిసిపోవాల్సింది, కట్ ఫిల్టరు కళ్లద్దంలా తేటగా ఉంటుంది, పాస్ ఫిల్టరు నల్లగా, పాత బల్బు ముందు పట్టుకుంటే ముదురు ఎరుపు. రోజంతా కెమెరాలతో బతికే నాకే రెండు రాత్రులు పట్టింది.

ఇంత డబ్బెందుకు బావా అని మా బావమరిది స్టూడియోలోంచి వెలుతురు తగిలి నల్లబడ్డ కలర్ నెగెటివ్ ముక్క తెచ్చిచ్చాడు. వాడు చెప్పింది నిజమే, కడిగిన కలర్ నెగెటివ్‌లో నల్లటి భాగం ఇన్‌ఫ్రారెడ్‌ని వదిలేస్తుంది. పెట్టి చూశాను, బొమ్మ వస్తుంది, పదును రాదు. అయితే ఇక్కడొక పక్కమాట చెప్పి తీరాలి. గ్రహణం వచ్చినప్పుడల్లా మన ఊళ్లలో పిల్లలు ఇవే నెగెటివ్ ముక్కలు కంటికి పెట్టుకుని సూర్యుణ్ణి చూస్తారు, 2019 డిసెంబరు 26 పొద్దున మా వీధిలోనే చూశాను. కంటికి చీకటిగా ఉంటుంది కాబట్టి పాపం భయం లేదనుకుంటారు. లోపలికి పోయేది మాత్రం నా ఫిల్టర్లోంచి పోయేదే. రెటీనాకి నొప్పి తెలీదు. పెట్టుకోనివ్వకండి.

ఇప్పుడు నా మీద నేనే తెచ్చుకున్న కష్టం. పోయిన నవంబరులో ఐఆర్ బొమ్మలన్నీ ఒక్కసారిగా పాడయ్యాయి. గురుడి చుట్టూ పొగమంచులా తెల్లటి పొర, నల్లగా ఉండాల్సిన ఆకాశం బూడిదరంగు. రంగులో తీస్తే ఏమీ లేదు, ఐఆర్ పెడితే పొర. అద్దం తుడిచాను, ఫిల్టరు తుడిచాను, మంచు పట్టిందేమో అని ఇంట్లో హెయిర్ డ్రయ్యర్ పట్టుకెళ్లి చీవాట్లు తిన్నాను. నాలుగో రాత్రి స్క్రీన్ చూస్తూ గొట్టం మూతి దగ్గర నుంచి లేచి అటు నడిచాను, పొర మాయమైంది. వెనక్కి వచ్చాను, పొర వచ్చింది. నా ఒంటి నీడ పడుతోందన్నమాట. కానీ చీకట్లో నీడేంటి? తల తిప్పి చూస్తే ఎదురింటి డాబా మీద, వాళ్ల వాటర్ ట్యాంకు స్తంభానికి, సన్నగా ఎర్రగా మినుకుమనే చుక్కల గుత్తి. దసరాకి ముందు నేను బిగించిన బుల్లెట్ కెమెరా. 850 నానోమీటర్ల ఎల్‌ఈడీలు, తిన్నగా నా గొట్టం మూతిలోకి.

అయినా గొట్టం లోపల నల్ల పెయింటుంది కదా, అది పీల్చెయ్యాలి కదా? ఒక డెమో కెమెరా తెచ్చి నైట్ మోడ్‌లో గొట్టంలోకి చూపించాను. మళ్లీ అదే గొడుగు కథ. కంటికి నల్లగా ఉన్న గోడ ఇన్‌ఫ్రారెడ్‌లో సున్నం కొట్టినట్టుంది. ఎదురింటివాళ్ల కెమెరా కొంచెం కిందకి వంచడానికి వాళ్లావిడ ఒప్పుకోవడానికి వారం పట్టింది ("మీరే కదా ఇలగ పెడితేనే మెట్లు కనిపిస్తాయన్నారు"), ఆ వారంలో నేను బజారులో దొరికిన నల్లగుడ్డలన్నీ, వెల్వెట్టు, పాలిస్టరు, జంపఖానా ముక్క, నైట్ మోడ్ కెమెరా ముందు పెట్టి చూశాను. చాలావరకు తెల్లబోయాయి. చివరికి టెలిస్కోపుల కోసమే అమ్మే ఫ్లాకింగ్ పేపరు తెప్పించి ఫోకసర్‌కి ఎదురుగా అతికించాను. ఐఆర్‌లో పని చేసేవాళ్లు మీ గొట్టం లోపల ఒకసారి సీసీ కెమెరాతో చూసుకోండి, మీకు తెలిసిన కెమెరాల వాడెవడైనా పదినిమిషాలకి అరువిస్తాడు.

ఇక ఈ వెలుతురులో ఏం కనిపిస్తుందంటారా. చంద్రుడికి రంగు పోవడం వల్ల వచ్చే నష్టం సున్నా, లాభం పూర్తిగా మనదే, కొత్తగా ఫిల్టరు కొన్నవాళ్లు వారం రోజులు చంద్రుడి మీదే ఆడుకోవాలి. శుక్రుడు పట్టపగలు దొరుకుతాడు. ఆకాశపు నీలం తరంగం నాలుగో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి 850 దగ్గర, పచ్చతో పోలిస్తే, ఆకాశం అయిదారు రెట్లు చీకటి. వాటర్ ట్యాంకు నీడలో గొట్టం పెట్టి సూర్యుడు పొరపాటున కూడా లోపలికి రాకుండా చూసుకోవాలి సుమా. శని గురించి పెద్దగా చెప్పడానికి లేదు, వలయాల సందు కొంచెం కుదురుగా వస్తుంది. కుజుడు మాత్రం ఐఆర్ కోసమే పుట్టాడనిపిస్తుంది. 2025 జనవరిలో 14.6 ఆర్క్ సెకన్లే ఉన్నాడు, నా సెన్సర్ మీద డెబ్బై పిక్సెళ్లు, రంగులో నారింజ గింజలా ఉన్నవాడు ఐఆర్ పెట్టగానే సిర్టిస్ మేజర్ నల్లటి త్రికోణంతో సహా బయటపడ్డాడు. 1659లో ఖగోళ శాస్త్రవేత్త హైగెన్స్ గీసిన మచ్చ అది. నా డాబా మీద నుంచి దాన్ని గుర్తుపట్టగలిగాను అన్న ఆ రాత్రి సంబరానికి రంగు లేని లోటు ఏమీ లేదు. గాలిలో దుమ్మూ పొరలూ కూడా ఎర్ర వెలుతురు వైపు పోయేకొద్దీ పల్చబడతాయి, నేల కనిపిస్తుంది. అదే కుజుడి మీద మబ్బులు కావాలంటే నీలంలో తీయాలి, ఐఆర్‌లో ఉండవు. ఒక్కో వెలుతురు ఒక్కో సాక్షి.

గురుడి దగ్గరికి వద్దాం, పేచీ అక్కడే. మధ్య పట్టీ అంచున నేను చెప్పిన తోకల మొదళ్లలో నల్లటి మచ్చలుంటాయి. రంగులో అవి నీలిబూడిద, ఐఆర్‌లో బాగా నలుపు. పై మబ్బులు పల్చబడి లోపలిదాకా తెరుచుకున్న చోట్లవి, గెలీలియో నౌక నుంచి 1995 డిసెంబరు 7న గురుడిలోకి దూకిన పరికరం పడింది అలాంటి ఒక చోటే. వీటిని ఐఆర్ చూపించినంత బాగా రంగు బొమ్మ చూపించదు. మరి ఎర్ర మచ్చ? ఎర్ర మచ్చ నీలాన్ని తాగేస్తుంది, ఎరుపునీ ఆ పైదాన్నీ తిప్పి కొడుతుంది. ఐఆర్‌లో అది పాలిపోయి తెల్లగా, చుట్టూ పట్టీలో పల్లం ఉండబట్టి ఇక్కడ ఏదో ఉందని తెలుస్తుంది. దొంగ చొక్కా.

ఇప్పుడు ఆ "లూమినెన్స్‌గా పెట్టెయ్" సలహా తీసుకుందాం. అంటే ఏంటి? బొమ్మలో వెలుగునీడలన్నీ ఐఆర్ నుంచి తీసుకోవడం, రంగు మాత్రం మసకబారిన కలర్ బొమ్మ నుంచి తెచ్చి పైన పరచడం. రంగు బొమ్మలో ఎర్ర మచ్చ చుట్టుపక్కలకంటే ముదురు, ఐఆర్‌లో లేత. రెండూ కలిపితే లేత గులాబీ బిళ్ల వస్తుంది. అలాంటి గురుడు ఏ వెలుతురులోనూ లేడు, ఏ కంటికీ కనిపించడు. నేను ఈ పని చెయ్యలేదని బుకాయించను, 2024 డిసెంబరులో చేశాను, గ్రూపులో అందరూ చప్పట్లు కొట్టారు, ఒకాయన తన ఫోనుకి వాల్‌పేపరుగా పెట్టుకున్నాడు. నెల తర్వాత ఒక ఇంటరు పిల్లవాడు మెసేజ్ పెట్టాడు, అన్నయ్యా, ఎర్ర మచ్చ రంగు తగ్గిపోతోందని మీ ఫోటో చూసి అనుకుంటున్నాను, నిజమేనా అని. జవాబు రాయడానికి నాకు ఒక పూట పట్టింది. రెండు రోజులు ఒక వీధిని తెల్ల చొక్కా వెనక తిప్పిన వాణ్ణి నేనే, మళ్లీ అదే పని చేశాను, ఈసారి కావాలని.

ఎదుటివాళ్లు చెప్పేదాంట్లో నిజం లేదని కాదు. ముందు చెప్పిన రెండో పేరు క్రిస్టఫర్ గో. ఫిలిప్పీన్స్‌లో సెబు ఊరు, మనలాగే ఉష్ణమండలం, మనలాగే సముద్రం పక్క. గురుడి మీద ఓవల్ బీఏ అనే తెల్లటి తుపాను ఎర్రబడిందని 2006 ఫిబ్రవరిలో మొదట పసిగట్టింది ఆయనే, మామూలు ఔత్సాహికుడు. ఆయన ఆ రాత్రి నాలా ఐఆర్ ఒక్కటే తీసుకుని ఇంట్లోకి పోయి ఉంటే ఆ మార్పు ఆయన కంట పడేదే కాదు. అందుకే నేను ఐఆర్ చాలు, రంగు వద్దు అనడం లేదు. గాలి ఎంత చెత్తగా ఉన్నా, మసకైనా సరే, చివర్లో ఒక రంగు వీడియో తీస్తాను. దాన్ని దాని పక్కన పెడతాను. రెండింటినీ ఉడకబెట్టి ఒక్కటి చెయ్యను. ఫోటో కింద "685 ఐఆర్" అని రాస్తాను, టైము రాస్తాను. కలిపి చేసేవాళ్లు కనీసం కలిపామని రాయండి. గ్రూపులో దీనికి నన్ను చాదస్తుడన్నారు, అనుకోనివ్వండి.

ఇన్‌ఫ్రారెడ్ సంగతి మొదట బయటపెట్టిన విలియం హెర్షెల్ కూడా టెలిస్కోపుల మనిషే, 1781లో యురేనస్‌ని కనిపెట్టినాయనే. సూర్యుణ్ణి రంగు గాజుల్లోంచి చూస్తుంటే ఒక్కో గాజులో ఒక్కోలా వేడి తగులుతోందేంటని మొదలుపెట్టి, 1800లో పట్టకం నుంచి పడిన రంగుల బద్దలో ఎరుపు దాటాక, ఏమీ కనిపించని చోట, థర్మామీటరు పెడితే పాదరసం పైకి లేచింది. ఆయన దానికి రంగు పూయలేదు.

మాస్టారికి రెండు బొమ్మలూ ప్రింటు తీసి ఇచ్చాను, ఆయనకి ఇప్పటికీ రంగుదే నచ్చింది, మసగ్గా ఉన్నా సరే. ఇంకో జత మా షాపు గోడకి తగిలించాను, డీవీఆర్ల అరకి పైన. పోయిన వారం హార్డ్ డిస్కు మార్పించుకోవడానికి ఆ కిరాణా షాపాయన వచ్చాడు. నేను డిస్కు ఫార్మాటు చేస్తున్నంతసేపూ గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. కింద రాసినవి చదివాడు, ఈ బొమ్మలో ఉన్న మచ్చ ఆ బొమ్మలో ఎక్కడుందో వేలుతో వెతికాడు.

"ఈ మచ్చ ఎరుపా తెలుపా?"

"ఎరుపేనండీ. కుడివైపుది నైట్ మోడు."

కాసేపాగి, "ఆ గొడుగింకా ఉందేటి నీకాడ?" అన్నాడు. బండిలో ఉందన్నాను. హార్డ్ డిస్కు డబ్బులు మాత్రం పైసా కోయకుండా లెక్కపెట్టి ఇచ్చాడు.